అప్‌డేట్: ఆ 1972 ఎంజీబీ కారు చూసొచ్చాను

రీస్టోర్ చేసిన ఎంజీబీ రోడ్‌స్టర్ (పాత బ్రిటిష్ ఓపెన్‌టాప్ స్పోర్ట్స్ కారు) అమ్మకానికి ఉంది, కొనొచ్చా అని పోయిన నెల అడిగాను కదా. పెయింట్ కింద నిజంగా ఇనుమే ఉందో లేదో చూడటానికి అయస్కాంతం పట్టుకెళ్లమన్నారు. ఆ సలహా ఇచ్చినవాళ్లకు చాలా థ్యాంక్స్.

శనివారం ఆక్స్‌ఫర్డ్ దగ్గర చూశాను. ఈ కార్లు తయారైన అబింగ్డన్ కూడా అక్కడికి దగ్గరే. పెయింట్ అద్దంలా మెరుస్తోంది. తాళం తిప్పగానే 1798 సీసీ ఇంజన్ అందుకుంది. నా మనసు అక్కడే పడిపోయింది. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, పలచటి గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని తలుపు కింద ఉండే సిల్ అనే ఇనుప భాగం వెంబడి జరిపాను. కుడివైపు గట్టిగా పట్టుకుంది. ఎడమవైపు, వెనక చక్రానికి కాస్త ముందు, జానెడు మేర జారిపోయింది. వేలితో కొడితే మొద్దు శబ్దం. అంటే పైన ఫిల్లర్ (గుంతలు పూడ్చే పేస్ట్, దానికి అయస్కాంతం అంటుకోదు), లోపల తుప్పు. ఈ కారుకు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. సిల్ పోతే బలమే పోయినట్టు. పైగా 40 ఏళ్లు దాటిన ఇలాంటి కార్లకు బ్రిటన్‌లో ఏటా ఎంఓటీ టెస్ట్ (కారు రోడ్డు మీద తిరగడానికి సురక్షితమేనా అని చూసే పరీక్ష) తప్పనిసరి కాదు, మనమే చూసుకోవాలి.

రీస్టోర్ చేసినప్పటి వెల్డింగ్ ఫొటోలు అడిగితే లేవన్నారు. కొనలేదు. రెండ్రోజులు బాధగానే ఉంది. వచ్చే వారం ఇంకో ఎంజీబీ చూడబోతున్నా, దానికి పని జరిగినప్పటి ఫొటోలన్నీ ఉన్నాయట.