దయ్యం గడీల ఉండాల్నా, మనింట్ల ఉండాల్నా?

గద్వాలోడు: హారర్ సినిమా రోజు చూసే బతుకుకు దూరం పోవాలె. 2009ల 'అరుంధతి' కథ మా గద్వాల సంస్థానందే. తెర మీద కోట బనగానపల్లెది, అయినా మాకు ఆ తేడా యాదికే రాలే. ఆ సమాధి చూస్తే గుండె జల్లుమన్నది. బట్టలు ఆరేసుడు, గిన్నెలు తోముడు చూపెడితే భయమెట్లయితది?

పేట అక్క: నేనొప్పుకోను తమ్మీ. ఆ భయం నాకు హాల్లనే అయిపోయింది. 2022ల 'మసూద' అట్ల కాదు. ఒక్కతే బిడ్డను పెంచే టీచరమ్మ, బిడ్డకేదో అయితే పక్క ఫ్లాట్ పిల్లగాని సాయం అడుగుతది. దయ్యం కంటె ముందు నాకు అదే భయమైంది, రాత్రిపూట ఎవరి తలుపు కొట్టాలె అని.

నా చిన్నప్పుడు మా వాడకట్టుల సగం ఇండ్లకు తాళాలే. అందరు బొంబాయి పనికి పోయిన్రు, మా అమ్మనాయిన గూడ. నేను అవ్వ దగ్గర. పొద్దుగూకంగనే అవ్వ గొళ్లెం పెట్టి, తలుపుకు రోకలి అడ్డం పెట్టేది. తాళమేసిన పక్కింట్ల చప్పుడైతే ఊపిరి బిగవట్టేది. నేను దయ్యానికి భయపడలే, అవ్వ భయపడుడు చూసి భయపడ్డ. పొద్దుగాల అదే రోకలితోని కారం దంచేది. సినిమాల ఆ దంచుడు ముందు చూపెట్టి, రాత్రి తలుపుకు పెట్టుడు చూపెడితే ఇగ గ్రాఫిక్స్ ఎందుకు?

నల్లగొండ సారు: మనింట్ల భయాన్నే చూపెట్టున్రి, కానీ ఎవరి మొఖం పెట్టి చూపెడుతున్నరో చూసుకోవాలె. చేతబడి చేసిన్రన్న అనుమానంతోని మనుషులను కొట్టి చంపిన వార్తలు పేపర్ల చదువుతనే ఉన్నం. ఒంటరి ముసలామె గుమ్మానికి నిమ్మకాయ చూపెట్టి, ఆఖరుకు ఆమెనే చేసిందంటే, చూసినోడు తన వాడకట్టు ముసలామెను ఏ కండ్లతోని చూస్తడు? ఇంకొకటి. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగినోళ్లను, కాళ్లు వంకరపోయినోళ్లను నేను చిన్నప్పటి సంది చూసిన. అసొంటి ఒళ్లును దయ్యం లెక్క చూపెడితే నాకు కడుపు మండుతది. భయం ఆ మనిషి కాదు, బిందెల నీళ్లు.

గద్వాలోడు: సార్, వంకర కాళ్ల సంగతి నేనెన్నడు ఆలోచించలే. ఇగ నుంచి నా కండ్లకు అదే కనవడతది. కానీ అక్కా, తాళం పడ్డ ఇల్లే గద మీ గడి?

పేట అక్క: కాదు తమ్మీ. గడీల ఎవరుండేటోరో మనకు తెల్వది. ఆ ఇంట్లోళ్లు పండుగకొస్తరు, తాళం తీస్తరు, అవ్వ దంచిన కారం గిన్నెల పోసి నాతోనే పంపేది. ఆ ఇంట్ల ఏ అర్ర ఏడున్నదో నాకు తెలుసు. పండుగ ఎల్లినంక మళ్ల తాళం పడ్డ రాత్రి, చప్పుడు ఏ అర్రలకెళ్లి వస్తున్నదో గూడ తెలిసేది.