అప్‌డేట్: ఎడిసన్ స్టాండర్డ్ మార్పిడి వ్యవహారం

నా దగ్గర అదనంగా ఉన్న ఎడిసన్ హోమ్ ఫోనోగ్రాఫ్ (గాడులున్న సిలిండర్ల నుంచి పాట వినిపించే పాత యంత్రం) ఇచ్చి, రెండు నిమిషాల సిలిండర్లూ నాలుగు నిమిషాల సిలిండర్లూ వాయిస్తుందన్న మరో మోడల్ స్టాండర్డ్ తీసుకోవచ్చా అని అడిగాను కదా. రిప్రొడ్యూసర్ (సూది ఉండి శబ్దం వినిపించే భాగం) మీద మోడల్ అక్షరం చూడమని చాలామంది చెప్పారు. చూశాను: సి, అంటే రెండు నిమిషాల సిలిండర్లకే పనికొచ్చేది.

గేర్లు మాత్రం నిజంగానే రెండు రకాలకూ ఉన్నాయి. గేరు మారిస్తే రిప్రొడ్యూసర్ జరిగే వేగం సగానికి తగ్గుతోంది. రెండు నిమిషాల సిలిండర్‌లో అంగుళానికి 100 గాడులు, 1908లో వచ్చిన నాలుగు నిమిషాల సిలిండర్ అంబెరోల్‌లో 200. కాబట్టి లెక్క సరిపోయింది. కానీ సి మోడల్ సూది వెడల్పాటి గాడికి చేసింది. దాన్ని మైనపు అంబెరోల్ మీద పెడితే పాట వినిపించదు సరికదా, సిలిండరే పాడవుతుంది. నాలుగు నిమిషాల వాటికి చేసిన హెచ్ గానీ, రెంటికీ పనికొచ్చే కె గానీ కావాలి.

ఆ మాటే స్టాండర్డ్ యజమానితో అన్నాను. ఆయన కొంత గొణిగి, విడిగా దాచుకున్న హెచ్ ఒకటి తీసి ఇచ్చారు (ముందే ఉందన్నమాట!). దాని రబ్బరు గాస్కెట్లు రాయిలా గట్టిపడి, శబ్దం రేకు డబ్బాలోంచి వస్తున్నట్టుంది. అవి మార్చడం పెద్ద పనేమీ కాదు.

మార్పిడి పూర్తయింది. కొత్త గాస్కెట్లు వేసేదాకా అంబెరోల్‌లు పెట్టెలోనే ఉంటాయి.