రోజూ ఆఫీసుకి: పాత ఆక్టేవియా డీజిలా, పోలో జీటీ టీడీఐనా?

నమస్తే అండి. కొంపల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ రానూపోనూ దాదాపు 75 కిలోమీటర్లు. ఎక్కువ భాగం ఓఆర్ఆర్, దిగాక నత్తనడక. 2020లో బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనలు) వచ్చాక స్కోడా, ఫోక్స్‌వాగన్ ఇక్కడ డీజిల్ ఆపేశాయి కాబట్టి సెకండ్ హ్యాండే గతి.

చూసినవి రెండు: 2016 స్కోడా ఆక్టేవియా 2.0 టీడీఐ (డీజిల్ ఇంజన్) డీఎస్‌జీ, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ (143 పీఎస్ పవర్, 320 ఎన్ఎం టార్క్), 98 వేల కిలోమీటర్లు తిరిగింది. రెండోది 2017 ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీడీఐ మాన్యువల్, 110 పీఎస్, 64 వేల కిలోమీటర్లు.

మనసు ఆక్టేవియా మీదే. కానీ నేను వెళ్ళేసరికే ఓనరు ఇంజన్ వేడి చేసి పెట్టాడు, బానెట్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి చూసే వీల్లేకపోయింది. సిగ్నల్ దగ్గర మెల్లగా కదిలేటప్పుడు ఒకటి నుంచి రెండో గేరుకి చిన్న కుదుపు. డీఎస్‌జీ ఆయిల్ బిల్లు అడిగితే "చేయించాం సార్" అన్నాడు, కాగితం మాత్రం లేదు. టైమింగ్ బెల్టుదీ అదే కథ.

ఆ కుదుపు ఆయిల్ మారిస్తే పోతుందా, మెకట్రానిక్స్ (గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్) దాకా పోయే ఖర్చా? కొనేముందు ఏమేం చెక్ చేయించాలి? పోలో క్లచ్ ట్రాఫిక్‌లో కాలు నొప్పి పుట్టిస్తుందా? వాడినవాళ్ళు చెప్పండి. పెట్రోల్ తీసుకోమని ఇంట్లో రోజూ చెప్తున్నారు, ఆ డీజిల్ టార్క్ (లాగే శక్తి) రుచి మరిగాక నా వల్ల కాదు.