సమస్య: సున్నకే వందనముఁ జేసె సుకవివరుఁడు

తార్నాక తేటగీతి (నిర్వహణ):
ఈ వారం పాదం ఇదీ.

సున్నకే వందనముఁ జేసె సుకవివరుఁడు

నిన్న రాత్రి మ్యాచ్ చూస్తూ మావారు "పోయాడు, సున్నకే పోయాడు" అని ఒక్క కేక పెట్టారు. నేను వంటింట్లో తిరగమోత వేస్తున్నాను. ఆ "సున్నకే" చెవిలో పడి ఉండిపోయింది. అన్నాలు వడ్డించేలోపు మిగతా పాదం కుదిరింది. ఎందుకు నవ్వొచ్చిందో అడగొద్దు, వచ్చింది. ఆదివారం రాత్రి దాకా గడువు. గుండుసున్న అందరికీ తోస్తుంది కనుక ఆ మాట వాడితే పూరణ చెల్లదు.

ఉప్పల్ ఉత్పలమాల:
బోణీ నాదే.

అభిమతాటగాఁ డౌటయ్యె నాదిలోనె
టీవి నార్పించె నిల్లాలు టిఫిను పెట్టి
ఖాళి దొరకెను పద్యంబుఁ గట్టుకొనఁగ
సున్నకే వందనముఁ జేసె సుకవివరుఁడు

2024 ఐపీఎల్ ఫైనల్ మరిచిపోయారా? చెన్నైలో హెడ్ ఆడిన మొదటి బంతికే వెనక్కి నడిచాడు. మన సన్‌రైజర్స్ 113కే సర్దేశారు. ఆ రాత్రి ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడలేదు, నేనూ ఎవరితోనూ మాట్లాడలేదు. ఎప్పటినుంచో ఆగిపోయి ఉన్న శతకం కదిలింది. మనం గెలిచిన రాత్రి నాకు ఒక్క పాదమూ రాదు. ఇదేం జాతకమో.

మలక్‌పేట మత్తేభం:
అన్నా, భావం మంచిగున్నది. గానీ "అభిమతాటగాడు" ఏంది? అభిమతం సంస్కృతం, ఆటగాడు తెలుగోడు. ఇద్దర్ని ఒక్క కుర్చీల కూసోబెట్టి సవర్ణదీర్ఘం జేస్తివి. గీ వైరిసమాసం మనకు పద్యం నేర్పిన మాస్టారు చూసుంటే పుస్తకం మూసి పక్కకు పెట్టేటోరు.

నల్లకుంట కందం:
మత్తేభం గారు పట్టింది నిజమే. ఆటగాడికి అభిమతం దండగ, తీసేయండి.

మొదటి బంతికే మొనగాఁడు ముగిసిపోయె

ఇలా మార్చుకుంటే హెడ్ సంగతి కూడా అతికినట్టు వస్తుంది. "టీవి నార్పించె" నాకు నచ్చింది. ఆమె లేవలేదు, ఎవరిచేతో ఆర్పించింది. ఆ ఇంట్లో పెత్తనం ఎవరిదో ఒక్క క్రియలో తేలిపోయింది. ఖాళి, గట్టు యతి మీద ఎవరూ నోరెత్తకండి, బాగానే ఉంది.

ఉప్పల్ ఉత్పలమాల:
దిద్దుకున్నాను. కందం గారు సవరణ ఇచ్చారు కనుక దిద్దుకున్నాను. తప్పు పట్టినవారు ఇంకా పూరణ పంపినట్టు లేదు.

మలక్‌పేట మత్తేభం:
తీస్కో అన్నా.

పలకపై దిద్ద బెట్టిన పంతులయ్య
మొదటి పద్యాన లోపము మొత్తి చెప్పె
తనకుఁ బద్యమబ్బిన తీరుఁ దలఁచుచు నర
సున్నకే వందనముఁ జేసె సుకవివరుఁడు

సుల్తాన్‌బజార్ల భాషానిలయం ఎరుకే గదా, 1901 నాటి లైబ్రరీ. ఆదివారం పొద్దుగాల మాస్టారు ఆడ కూసుండేటోరు. నా మొదటి పద్యంల అరసున్నలు ఒక్కటి గూడ లేకుండె. అర్థగంట అదే చెప్పిన్రు. చాయ్ తాపి మళ్ళ అదే చెప్పిన్రు. ఉప్పలన్న గూడ గదే బెంచి మీద కూసున్నడు, అడుగున్రి.

తార్నాక తేటగీతి (నిర్వహణ):
"అర" ను పాదం చివర వదిలి "సున్న" ను కింద అందుకున్నారు! పాదం ఇచ్చేటప్పుడు నా మనసులో ఉన్న విరుపు ఇదే. ఇంకో రెండ్రోజులు ఎవరికీ తట్టదనుకున్నాను. "మొత్తి చెప్పె" చదివి మా మామగారు గట్టిగా నవ్వారు. ఆయన నలభై ఏళ్ళు బడిపంతులు.

ఉప్పల్ ఉత్పలమాల:
విరుపు బాగుంది. కాదనను. కానీ నిర్వాహకురాలి నవ్వు తగ్గాక మొదటి పాదం మళ్ళీ చదవమని మనవి. "దిద్ద బెట్టిన". దిద్దన్ చివర నకారమున్న ద్రుతప్రకృతికం కదా, పకారం బకారమైంది కదా, మరి అక్కడి అరసున్న ఏది? అరసున్నకు దండం పెట్టిన పద్యంలోనే అరసున్న ఎగిరిపోయింది!

నల్లకుంట కందం:
అయ్యో. నిజమే.

చాదర్‌ఘాట్ చంపకం:
ఈ వారానికి ఇది చాలు నాకు. పడీపడీ నవ్వాను.

మలక్‌పేట మత్తేభం:
గదొక్కటి మాస్టారు దిద్దాలని ఇడిసిపెట్టిన.

ఉప్పల్ ఉత్పలమాల:
ఆ మాట అన్నాక ఇంకేమంటాను. ఆయన ఎర్రసిరా ముట్టేవారు కాదు. పెన్సిలుతో సన్నగా చుట్టేవారు, చెరిపేసుకుంటే తప్పు జరిగినట్టే ఎవరికీ తెలియకూడదని. నీ పుస్తకంలో చుట్లు ఎక్కువుండేవి, నాకు బాగా గుర్తు.

మలక్‌పేట మత్తేభం:
నా పుస్తకంల చుట్లు ఉండె. నీ పుస్తకంల పద్యాలే లేకుండె. రంజీ మ్యాచులకు పోయెటోనివి. సరే గది పక్కకు పెట్టు. కిందటేడు ఉప్పల్ మీద నువ్వు రాసిన మత్తకోకిల సంగతేంది? "ఉప్పలందున రెండు నూర్లకు ఎన్బదేడును" అన్నవ్. 287 కొట్టింది యాడ?

ఉప్పల్ ఉత్పలమాల:
మొదలెట్టావా.

మలక్‌పేట మత్తేభం:
2024 ఏప్రిల్ 15, బెంగళూరుల. మన ఉప్పల్ల ముంబై మీద 277, అంతకు ముందు నెల. 2025 మార్చిల రాజస్థాన్ మీద 286, అది ఉప్పల్లనే. 287 మాత్రం ఉప్పల్ది కాదు. గ్యాలరీల కూసొని చూసినోని లెక్క రాస్తివి!

ఉప్పల్ ఉత్పలమాల:
286 నాడు గ్యాలరీలోనే ఉన్నాను, కిషన్ 106 కళ్ళారా చూశాను. "ఆఱు" కంటే "ఏడు" నా చెవికి ఇంపుగా ఆనింది. ఒక్క పరుగు కోసం కోకిల గొంతు నులమమంటావా?

సీతాఫల్‌మండి సీసం:
పద్యం కోసం పరుగులు పెంచుకోవచ్చంటే మనవాళ్ళు ఫైనల్ కూడా గెలిచేవారు.

తార్నాక తేటగీతి (నిర్వహణ):
అప్రస్తుతప్రసంగానికి అవధానంలో ఒక్కరినే పెడతారు. ఇక్కడ ముగ్గురు తేలారు. పూరణలు, పూరణలు!

చాదర్‌ఘాట్ చంపకం:
క్రికెట్ తప్ప ఆటే లేనట్టు మాట్లాడుతున్నారు. నాది ఫుట్‌బాల్.

బంతి గోలాయె నొకసారి బంగరాయె
ఎదుటి జట్టుకు మిగిలిన దేమి? చూడ
రహిము గురువుల శిష్యులే రచ్చ గెలువ
సున్నకే వందనముఁ జేసె సుకవివరుఁడు

1951 ఆసియా క్రీడలు. ఫైనల్లో ఇరాన్ మీద 1–0. మీరంతా మన సున్న గురించి ఏడుస్తున్నారు, నా సున్న అవతలివాడిది. కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్, చేసేది బడిపంతులు ఉద్యోగం. సిటీ పోలీస్ జట్టును ఆయన తీర్చిదిద్దాక 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు. మా నాన్న ఆ పేర్లు జోలపాటలా చెప్పేవాడు. నేను పద్యం నేర్చింది ఇంకొకరి దగ్గర, కానీ ఓర్పు నేర్చింది ఆ కథల్లో.

నల్లకుంట కందం:
సున్నను అవతలికి తోసేయడం కొత్తగా ఉంది. నా పేచీ "రచ్చ" తో. 1951 ఆటలు జరిగింది ఢిల్లీలో. సొంత దేశంలో ఆడితే ఇంట గెలిచినట్టు. రచ్చ గెలవాలంటే 1962 జకార్తా తీసుకోవాలి, అప్పుడూ కోచ్ ఆయనే, అప్పుడూ స్వర్ణమే.

చాదర్‌ఘాట్ చంపకం:
జకార్తాలో కొరియా మీద 2–1 అండీ. సున్న ఎక్కణ్ణుంచి తేను?

మలక్‌పేట మత్తేభం:
చాదర్‌ఘాట్ నుంచి చూస్తే ఢిల్లీ గూడ రచ్చనే. ఇడిసిపెట్టున్రి.

నల్లకుంట కందం:
ఇంత ఉదారంగా మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదు. "అభిమతాటగాడి" కి లేని దయ "రచ్చ" కు వచ్చిందే!

అంబర్‌పేట ఆటవెలది:
ఆటలు అయ్యాయి కదా, ఇంట్లోకి రండి. ఆవిడ పుట్టినరోజు వస్తోంది, ఆమె కోసమే ఇది.

ఇంటిపనులును నాటలు నెన్నొ కలుగ
పద్యమునకును దొరకదు పావుగంట
అన్నిటికిఁ జోటునిచ్చిన యామెకు మన
సున్నకే వందనముఁ జేసె సుకవివరుఁడు

ఉప్పల్ ఉత్పలమాల:
"మనసున్న" విరుపు! ఆహా!

నల్లకుంట కందం:
ఆహా తర్వాత, ముందు అన్వయం. "మనసున్న" తర్వాత మనిషి రావాలి. "మనసున్న ఆమెకే" అనాలి. ఉత్త "ఉన్న" కు "కే" తగిలిస్తే గాలిలో వేలాడుతుంది. చెవికి ఇంపుగా ఉంది, వాక్యం మాత్రం కాలేదు.

సీతాఫల్‌మండి సీసం:
నేను వేరుగా చదివాను. "ఆమెకు, మన సున్నకే". అంటే ఆమెకూ, సున్నలాంటి మొగుడికీ కలిపి దండం. పొరపాటున నిజం చెప్పేశాడు.

అంబర్‌పేట ఆటవెలది:
నేననుకున్నది అది కాదు గానీ, ఇంట్లో అలాగే చదివారు. పిల్లలైతే రోజంతా "మన సున్న, మన సున్న" అని నా వెనకే తిరిగారు.

తార్నాక తేటగీతి (నిర్వహణ):
సీసం గారి కొంటె చదువులోనే మందు ఉంది. మూడో పాదం ఇలా మార్చండి.

అన్నిటికిఁ జోటునిచ్చిన యామెఁ జేరు

ఇప్పుడు సున్న మీరే. ఆమె ఒకటి, పక్కన చేరిన సున్నతో కలిసి పది. అన్వయం కుదిరింది, పుట్టినరోజూ గట్టెక్కింది. అయితే దండం ఆమెకు కాకుండా సున్నకు ఎందుకు పెట్టారని అడిగితే జవాబు మీరే చూసుకోవాలి.

సీతాఫల్‌మండి సీసం:
సీసం మొత్తం రాశాను, మావాడి పరీక్షల గొడవలో కాగితం కనపడటం లేదు. ప్రస్తుతానికి దాని కింద వచ్చే ఎత్తుగీతి.

నాల్గు పరుగుల దూరాన నడచిపోయె
నూఱు సగటను మాటయే నూతఁ బడియె
కీర్తి తగ్గెనే? యా చోటఁ గీలుకొనియె
సున్నకే వందనముఁ జేసె సుకవివరుఁడు

1948, ఓవల్, బ్రాడ్మన్ ఆఖరి ఇన్నింగ్స్. ఇంకో నాలుగు పరుగులు చేసుంటే సగటు వంద. హోలీస్ బంతికి సున్న. 99.94 అనే అంకెను ఇవాళ్టికీ జపిస్తున్నాం. సరిగ్గా వంద అయ్యుంటే ఇంతమందికి గుర్తుండేది కాదని నా నమ్మకం.

చాదర్‌ఘాట్ చంపకం:
"కీలుకొనియె" పడిన తీరు చూడండి! ఇంతవరకూ వచ్చినవాటిలో నాకు ఇదే మేలనిపిస్తోంది.

ఉప్పల్ ఉత్పలమాల:
పద్యం బాగుంది. ఎవరి గురించో పద్యంలో లేదు. కింద వచనం చదవకపోతే పొడుపుకథ.

సీతాఫల్‌మండి సీసం:
ఆ పేరు గీతిలో ఇమడదండీ.

మలక్‌పేట మత్తేభం:
ఇమడకపోవుడేంది? "బ్రాడ్మను" భగణం. ఇంద్రగణం ఏడున్నా కూసుంటది. సీసంల ఉన్నడేమో, కాగితం దొరికినంక చెప్పు.

కొత్తపేట కొత్తకవి:
పెద్దలందరికీ నమస్కారాలు. మొదటిసారి పంపుతున్నాను. పాపను పడుకోబెట్టాక ఫోన్లో కొట్టాను, అరసున్న ఎక్కడుందో దొరకలేదు.

గురువు పెట్టిన మార్కులు గుండ్రమాయె
చింపివేయక దాచెను చిత్తుప్రతిని
నేడు పుస్తకమచ్చాయె నిండుగాను
సున్నకే వందనముఁ జేసె సుకవివరుఁడు

ఏడో తరగతిలో మా తెలుగు టీచర్ నా పద్యానికి సున్న వేసి, కింద "రేపు ఇంకోటి తీసుకురా" అని రాశారు. ఆ కాగితం ఇప్పటికీ ఉంది. పుస్తకం మాత్రం అచ్చు కాలేదు, అది కవిసమయం.

తార్నాక తేటగీతి (నిర్వహణ):
నేను వద్దన్న మాటను ముట్టుకోకుండా "గుండ్రమాయె" అని చుట్టూ తిరిగి వచ్చారు. గడుసువారే.

సీతాఫల్‌మండి సీసం:
కొత్తవారని వదిలేస్తే ఎలా? "చిత్తుప్రతిని". "ప్ర" ముందున్న "త్తు" గురువవుతుంది. గణం పోయింది.

నల్లకుంట కందం:
పోలేదు. చిత్తు తెలుగు, ప్రతి సంస్కృతం. పైకి చదవండి. "త్తు" మీద నాలుక ఊనుతోందా? తేలిపోతోంది. లఘువే.

సీతాఫల్‌మండి సీసం:
ఉగాది పోటీలో నా "వంటప్రయత్నము" కూడా తేలింది మరి! అప్పుడు మీరే కదా గురువని కొట్టేసింది?

నల్లకుంట కందం:
మిమ్మల్ని కొట్టేసింది దానికి కాదు. ఒక్క సీసంలో అన్ని "వర" లు వేసి పాదాలు నింపినందుకు.

మలక్‌పేట మత్తేభం:
"త్తు" లఘువే. పిలగాన్ని ఇడిసిపెట్టున్రి. గా టీచరమ్మ రాసిన మాట పద్యంల పడితే ఇంకా మంచిగుండు. "రేపు ఇంకోటి తీసుకురా". మాకు గూడ మాస్టారు ప్రతి ఆదివారం గిదే మాట.

ఉప్పల్ ఉత్పలమాల:
నాదీ అదే మాట. లఘువు. కొత్తకవి గారూ, మూడో పాదంలో "నిండుగాను" ఊరికే నింపడానికి వచ్చింది, అక్కడ టీచర్ గారి మాట పట్టేలా చూడండి. యతి "నే" తో కదా, "నేర్పుమాట" అని ఎత్తుకుంటే దారి దొరుకుతుంది.

నల్లకుంట కందం:
ఉప్పల్, మలక్‌పేట ఒక మాట మీదికి రావడం! ఈ తేదీ రాసిపెట్టుకోండి ఎవరైనా.

కొత్తపేట కొత్తకవి:
ధన్యవాదాలండీ, రేపటికి మార్చి పెడతాను. చిన్న సందేహం. పైన వైరిసమాసం అన్నారు, అదేమిటో కొంచెం చెబుతారా?

ఉప్పల్ ఉత్పలమాల:
286 నాడు నేనూ మత్తేభం గారూ గ్యాలరీలో పక్కపక్కన కూర్చోవడం.

మలక్‌పేట మత్తేభం:
ఆ దినం టికెట్ పైసలు ఎవలు కట్టిన్రో గది గూడ చెప్పు.