చిన్న ఎస్‌యూవీకి పెద్ద టైర్లు: 215/60 ఆర్17 తీసేసి 225/65 ఆర్17 వేయొచ్చా?

మట్టిదారి:
కంపెనీ సైజు 215/60 ఆర్17, రిమ్ము వెడల్పు 6.5 అంగుళాలు, ఆల్ వీల్ డ్రైవ్. టైర్లు అరిగాయి, ఎలాగూ నాలుగూ మార్చాలి. బండి అడుగు నేలకి తగిలి తగిలి విసుగొచ్చింది. అందుకే 225/65 ఆర్17లో ఏటీ టైర్లు (ఆల్ టెరైన్, మట్టిదారికీ రోడ్డుకీ రెండిటికీ పనికొచ్చేవి) వేద్దామని ఉంది. రిమ్ములు మార్చను, బండిని పైకి లేపే లిఫ్ట్ కిట్ వేయను. పడుతుందా, పడదా? వేసినవాళ్ళు చెప్పండి. గొడవ మాత్రం వద్దు, దండం పెడతా.

నాలుగోగేరు:
పడుతుంది. నాది ఇదే సైజు. వేసెయ్ బ్రదర్.

లెక్కలమాస్టారు:
"పడుతుంది" అంటే సరిపోదండీ. 215 అంటే టైరు వెడల్పు, మి.మీ.లో. అందులో 60 శాతం 129 మి.మీ., అది సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ ఎత్తు. పైనా కిందా కలిపి 258. రిమ్ము 17 అంగుళాలు, అంటే 431.8. మొత్తం టైరు ఎత్తు 689.8. మీరు వేద్దామంటున్నది 724.3. తేడా 34.5 మి.మీ., అంటే 5 శాతం. 3 శాతం దాటొద్దన్నది టైర్లు మార్చేవాళ్ళందరూ పాటించే హద్దు. ఇంకేముంది చర్చించడానికి?

నాలుగోగేరు:
ఆ 3 శాతం ఏ బ్రహ్మ రాశాడు మాస్టారూ? కంపెనీ మీటర్లు అసలు వేగం కంటే ఎక్కువే చూపిస్తాయి. పాత టైర్లతో మీటరు 100 అంటే జీపీఎస్‌లో 96 ఉండేది. ఇప్పుడు రెండూ దాదాపు ఒక్కటే. అంటే నా మీటరు బాగుపడింది.

లెక్కలమాస్టారు:
96ని 1.05తో గుణించండి. 100.8. అంటే మీ మీటరు ఇప్పుడు తక్కువ చూపిస్తోంది. ఐక్యరాజ్యసమితి 39వ వాహన నిబంధన మీటరు ఎక్కువ చూపించడాన్ని ఒప్పుకుంటుంది, అసలు వేగంలో 10 శాతం, దానిమీద మరో 4 కి.మీ. దాకా. తక్కువ చూపించడాన్ని అసలు ఒప్పుకోదు. బాగుపడింది కాదు, గీత దాటింది.

నాలుగోగేరు:
0.8 కి.మీ. కోసం నన్ను జైల్లో వేయిస్తారా?

వెనకసీటు:
కొట్టుకోండి, చదువుతున్నా.

పానాపట్టకారు:
మీటరు సంగతి పక్కన పెట్టండి. అసలు ఎక్కడ తగులుతుందో ఎవరూ చెప్పడం లేదు.

వెడల్పు 10 మి.మీ. పెరిగితే అదే రిమ్ము మీద లోపలికి 5, బయటికి 5. అందరూ దాన్నే కొలుస్తారు. కానీ చాలా బండ్లలో ముందు స్ప్రింగ్ కూర్చునే పళ్ళెం టైరు పక్కన ఉండదు, టైరు నెత్తి మీద ఉంటుంది. అక్కడ పనికొచ్చేది వెడల్పు కాదు, ఎత్తు. రేడియస్ 17 మి.మీ. పెరుగుతుంది కాబట్టి ఆ సందు 17 తగ్గుతుంది. ఉన్నదే 20 అయితే మీకు మిగిలేది 3. ట్రెడ్‌లో ఒక రాయి ఇరుక్కుంటే ఆ మూడూ పోతాయి. ఆ పళ్ళెం, చక్రం కలిసే కదులుతాయి, కాబట్టి ఈ ఒక్క సందు జాకీ ఎత్తి కొలిచినా ఫర్వాలేదు.

మడ్‌గార్డ్ లోపలి లైనరు అలా కాదు. బండి బరువుతో దిగినప్పుడు చూడాలి. ముందు ఒక చక్రాన్నీ, ఎదురు మూలన వెనక చక్రాన్నీ దిమ్మెల మీదికి ఎక్కించి, స్టీరింగ్ రెండు వైపులా ఫుల్‌గా తిప్పాలి. రివర్సులో కూడా. బంపరు మూల, లైనరు వెనక అంచు, బ్రేకు పైపు, ఏబీఎస్ (బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకుపోకుండా చూసేది) వైరు, అన్నీ టార్చి వేసి చూడాలి. చక్రాన్ని బయటికి జరిపే స్పేసరు వేస్తే పళ్ళెం దగ్గర తప్పించుకోవచ్చు, కానీ తిప్పినప్పుడు టైరు ఇంకా బయటి దారిలో తిరిగి బంపరు మూలకు తగులుతుంది. ఒక చోట గెలిచి ఇంకో చోట ఓడటం.

నాలుగోగేరు:
నా బండికి ఎక్కడా తగల్లేదు, పైపెచ్చు ఏ దిమ్మెలూ ఎక్కించలేదు. ఇంత భయపెడితే ఎవరూ బండి బయటికి తీయరు.

పానాపట్టకారు:
మీ బండిలో ఎంతమంది ఎక్కుతారు?

నాలుగోగేరు:
నేనొక్కణ్ణే.

పానాపట్టకారు:
అదీ సంగతి.

లెక్కలమాస్టారు:
ఇంకో విషయం. కిలోమీటర్ల మీటరు కూడా 5 శాతం తక్కువ తిరుగుతుంది. మీటరులో 10,000 అయ్యేసరికి బండి 10,500 తిరిగి ఉంటుంది. ఆయిలు మార్చే లెక్క తప్పుతుంది. పెద్ద టైర్లతో మైలేజీ పడిపోయిందని ఏడ్చేవాళ్ళలో సగం ఏడుపు ఈ లెక్క తెలియకే. మిగతా సగం నిజమే, ఏటీ టైరు బరువు, దాని ట్రెడ్ లాగుడు.

వెనకసీటు:
చదువుతూ ఊరుకుందామనుకున్నా, కానీ ఇది చెప్పాలి. ఆల్ వీల్ డ్రైవ్ బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. అమ్మినాయన ముందు రెండూ పెద్ద టైర్లు, వెనక పాతవి ఉంచి చేతిలో పెట్టాడు. నాకేం తెలుసు? ముందు వెనక చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరిగి, మధ్యలో ఉండే కప్లింగ్ వేడెక్కి వేడెక్కి పోయింది. ఆయన ఫోన్ ఎత్తడు. సర్వీసు సెంటరువాళ్ళు టైర్లు చూసి వారంటీ లేదన్నారు. పెద్ద టైర్లు వేసేవాళ్ళకి తర్వాత ఎవరు కొంటారో పట్టదు.

నాలుగోగేరు:
అయ్యా, ఆయన నాలుగూ మారుస్తా అన్నాడు. మొదటి పోస్టు చదవండి. మీ అమ్మకందారు చేసిన మోసాన్ని టైరు నెత్తిన రుద్దకండి.

వెనకసీటు:
చదివాను. మరి స్టెప్నీ? నాలుగు పెద్దవి వేసి డిక్కీలో చిన్నది ఉంచితే, పంక్చర్ అయిన రోజు నా కథే మళ్ళీ మొదలు.

మట్టిదారి:
స్టెప్నీ గురించి ఆలోచించలేదు. ఆ గుంతలో పెద్ద టైరు పడుతుందా?

(ఈ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదని గమనించగలరు. – మట్టిదారి, కాసేపటికి)

నాలుగోగేరు:
బ్రేకుల గురించి కూడా ఎవరో ఒకరు మొదలుపెడతారు, ముందే చెప్తున్నా. గట్టిగా తొక్కితే ఏబీఎస్ కొడుతోందంటే బ్రేకుకి చక్రాన్ని ఆపే బలం ఉన్నట్టే. ఆ తర్వాత పట్టు టైరుది.

పానాపట్టకారు:
ఒక్కసారి తొక్కడానికి అది నిజమే. కానీ అదే తొక్కుడికి రోడ్డు మీద పడే బ్రేకు బలం దాదాపు 5 శాతం తగ్గుతుంది, కాలు కొంచెం ఎక్కువ నొక్కాలి. ఘాట్ దిగేటప్పుడు ఇంజను పట్టు కూడా అంతే తగ్గుతుంది, ఆ భారం బ్రేకుల మీదికే వస్తుంది. తడి రోడ్డు మీద ఏటీ రబ్బరు చాలావాటికి మామూలు రోడ్డు టైరంత పట్టు ఉండదు. మీరన్న "పట్టు టైరుది" అన్నమాట మీకే ఎదురు తిరుగుతుంది.

నాలుగోగేరు:
మీ షెడ్డు నడవాలి కాబట్టి మీరు ఇలాగే చెప్తారు. కంపెనీ వేసిందే వేదం, మనం ఏం ముట్టుకున్నా పాపం! ఏసీ పాడైతే కూడా నా టైర్లు చూపించి వారంటీ ఎగ్గొట్టారు తెలుసా? ఏసీకీ టైరుకీ ఏం సంబంధం? మీ జాతంతా ఒకటే.

పానాపట్టకారు:
నోరు అదుపులో పెట్టుకోండి. పెద్ద టైర్లు వేయమంటే నాకు నాలుగు టైర్ల పని, అలైన్‌మెంట్, ఆర్నెల్లకి చిరిగిన లైనరు, అన్నీ వస్తాయి. వద్దంటే ఏం వస్తుంది? మీ ఏసీ వాళ్ళు చేసింది అన్యాయం, కాదనను. దానికి నన్నెందుకు తిడతారు?

మట్టిదారి గారూ, మొదట అడగాల్సింది ఇప్పుడు అడుగుతున్నా. అడుగు ఎప్పుడు తగులుతోంది?

మట్టిదారి:
ఒక్కణ్ణే వెళితే తగలదండీ. ఐదుగురం ఎక్కి, డిక్కీ నిండా సామాను వేస్తే వెనక తగులుతుంది. ఈ మధ్య ఎక్కువైంది.

పానాపట్టకారు:
అయితే అది టైరు జబ్బు కాదు. వెనక స్ప్రింగులు కుంగాయేమో. చక్రం నడిబొడ్డు నుంచి పైన ఆర్చి అంచు దాకా కొలవండి, ఖాళీగా ఒకసారి, అందరూ ఎక్కాక ఒకసారి. టైరు మీకు ఇచ్చేది 17 మి.మీ. ఐదుగురూ సామానూ ఎక్కితే బండి దిగేది దానికి ఎన్నో రెట్లు. పైగా పెద్ద టైరు లైనరుకి రాసుకునేదీ సరిగ్గా అప్పుడే. జబ్బు ఉన్న చోటే మందు వికటిస్తుంది.

నాలుగోగేరు:
స్ప్రింగులు మార్చుకోనీ, ఎవడొద్దన్నాడు. కానీ మనిషికి పెద్ద టైర్లు కావాలనిపించింది. చూడ్డానికి బాగుంటాయి. నేనూ అందుకే వేశా, క్లియరెన్సు కోసం కాదు. నచ్చింది వేసుకోవడానికి కారణాల చిట్టా మీకు చూపించాలా?

పానాపట్టకారు:
బాగుంటాయని వేశానని మొదటే అంటే నేనొక్క ముక్క రాసేవాణ్ణి కాదు. మీ బండి, ఒక్కరే నడుపుతారు, ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆయన బండిలో ఐదుగురు ఎక్కుతారు. వాళ్ళకి తెలియదు. నాకు పేచీ అక్కడ.

నాలుగోగేరు:
ఐదుగురినీ కూర్చోబెట్టి సంతకాలు తీసుకోమంటారా?

వెనకసీటు:
నేను కొన్న రోజున ఎవరైనా ఒక ముక్క చెప్పినా చాలేది.

మట్టిదారి:
కొలిచాను. అందరూ ఎక్కితే ఎడమ వెనక, కుడి వెనక కన్నా ఎక్కువ దిగుతోంది. స్ప్రింగులు ముందు చూపిస్తా. టైర్లు మాత్రం కాస్త పెద్దవే వేస్తా, మనసు చంపుకోలేను. 215/65 ఆర్17 ఎలా ఉంటుంది? వెడల్పు అదే కదా.

పానాపట్టకారు:
అది నయం. రేడియస్ పదకొండు మి.మీ. లోపే పెరుగుతుంది. పళ్ళెం దగ్గర సందు కొలిచి, ఆ పదకొండు పోగా వేలు దూరేంత మిగిలితే వేయండి. లోడ్ ఇండెక్స్ పాత టైరు మీద ఉన్నదానికి తగ్గకూడదు. 96 ఉంటే ఒక్కో టైరు 710 కిలోలు మోస్తుంది. దానికి దిగువన ఉన్నది ఎంత బాగున్నా కొనకండి. గాలి ప్రెషరు చూపించే లైటు చక్రాల వేగం బట్టి పనిచేసే రకమైతే టైర్లు మార్చాక రీసెట్ చేయాలి. స్టెప్నీ ఐదోది కూడా అదే సైజు తీసుకోండి. గుంతలో పడుతుందో లేదో మూత వేసి చూసుకున్నాకే డబ్బు కట్టండి.

లెక్కలమాస్టారు:
215/65 అంటే 711.3. అంటే 3.1 శాతం.

నాలుగోగేరు:
మాస్టారూ!

లెక్కలమాస్టారు:
3.1 అంటే 3 కాదు. 225/60 వేసుకోమనండి. 701.8, 1.7 శాతం. హద్దులో ఉంటుంది.

పానాపట్టకారు:
దానికి వెడల్పు పెరుగుతుంది, ఎత్తు 6 మి.మీ. వస్తుంది. ఆయనకి కావలసినది ఎత్తు.

లెక్కలమాస్టారు:
నేను హద్దు గురించి మాట్లాడుతున్నా.