నీడకు వెడల్పాటి ఆకు, బెట్టకు చిన్న ఆకు: రెండూ ఎదురైతే మొక్క ఏం చేస్తుంది?

గరువుతోట (కోనసీమ):
మా కొబ్బరితోట వైనతేయ (గోదావరి పాయ) గట్టుకు దగ్గరలో, ఇసుక గరువు (మెరక నేల) మీద ఉంది. వేసవిలో కాలువలు కట్టేసిన తరువాత, చెట్ల కింద నాటిన కోకో మొక్కల ఆకులు వడలి అంచులు మాడిపోతున్నాయి. అదే తోట మూలలో ఎవరూ నాటని పిల్లిపీచర (శతావరి), చాగ (కత్తుల్లాంటి మందపాటి ఆకుల నారమొక్క) మాత్రం పచ్చగానే నిలుస్తున్నాయి. నీడలో వెలుతురును పట్టుకోవాలంటే ఆకు వెడల్పుగా, పలుచగా ఉండాలని, బెట్టను ఓర్చుకోవాలంటే చిన్నదిగా, మందంగా ఉండాలని చదువుకున్నాను. ఈ రెండూ పొసగవు కదా! రంపచోడవరం వైపు ఆకురాల్చే అడవుల్లో చెట్ల కింది మొక్కలు రెండింటినీ ఎలా నెగ్గుకొస్తున్నాయో తెలిసినవారు వివరించగలరు.

మన్యంబాట:
మీరు చెప్పిన పొంతన లేనితనం నిజమే గానీ, ఆ అడవుల్లో నీడ, బెట్ట చాలావరకు ఒకే నెలలో రావు. టేకు వంటి చెట్లు వేసవికి ఆకు రాల్చి తొలకరికి చిగురిస్తాయి కనుక, నీరున్న నెలల్లో నేల మీద నీడ, నీరు లేని నెలల్లో ఎండ ఉంటాయి. అడవి కంద, అడవినాభి, నేలతాడి వంటివి వానల నెలల్లోనే ఆకు విప్పి, సంపాదించినదంతా దుంపలోకి దించి, వానలు వెనుకబట్టాక పైభాగాన్ని ఎండిపోనిస్తాయి. అడవి కంద మరీ విచిత్రమైనది: ముందు పువ్వు (దాని కంపు కీటకాలను పిలవడానికే), ఆ తరువాత గొడుగులా విచ్చుకునే ఒకే ఒక్క ఆకు. ఎండాకాలంలో నీటిని పోగొట్టుకోవడానికి పైన ఆకే లేనప్పుడు, అది బెట్టను ఓర్చుకోవడం కాదు, తప్పించుకోవడం.

ఏటిగట్టు:
పై మాట దుంప మొక్కలకు సరిపోతుంది గానీ, ప్రశ్న అడిగినవారి తోటలో నిలిచినవి ఏడాది పొడవునా పచ్చగా ఉండేవి. చాగ తన ఆకు రంధ్రాలను ముఖ్యంగా రాత్రివేళ, గాలి చల్లగా తేమగా ఉన్నప్పుడు తెరిచి, లోపలికి తీసుకున్న బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా దాచుకుని, పగలు రంధ్రాలు మూసుకుని వాడుకుంటుంది. ఇందువల్ల ఎదుగుదల నెమ్మదిస్తుంది, అయితే సంపాదన తక్కువగా ఉండే నీడలో ఖర్చు తగ్గించుకున్నదే బతుకుతుంది. పిల్లిపీచరలో మనం ఆకులనుకునే సూదులు నిజానికి సన్నని కొమ్మలు. అసలు ఆకులు పొలుసులుగా కుంచించుకుపోయాయి, నీరు, పిండిపదార్థం వేళ్ల గుత్తిలో ఉంటాయి. కోకో సంగతి వేరు. అది అమెజాన్ ప్రాంతపు తడి అడవుల్లో పెద్ద చెట్ల కింద పుట్టింది కనుక నీడ తెలుసు, బెట్ట తెలియదు. పైగా కొబ్బరి నీడ ఆవిరిని తగ్గించినా, దాని వేళ్లు అదే నేలలో నీటికి పోటీపడతాయి. చురుకైన వేళ్లలో ఎక్కువ భాగం మొదలుకు సుమారు 2 మీటర్ల లోపే ఉంటాయి కాబట్టి, అంత దగ్గరగా ఏది నాటినా నష్టపోతుంది.

తునికాకు:
నీడ, బెట్ట ఒకే నెలలో రావన్న మన్యంబాట గారి మాటకు ఒక చిన్న సవరణ. వానాకాలం మధ్యలో వరుసగా కొన్ని వారాలు చినుకు పడకపోతే, ఆకు విప్పుకున్న మొక్కకు నీడ, బెట్ట ఒకేసారి తగులుతాయి, లేత మొలకలు చాలా అప్పుడే పోతాయి. తునికి వంటివి అందుకే ముందు వేరుకు పెట్టుబడి పెడతాయి. పైకొమ్మ ఎండిపోయినా, వేరు లావెక్కుతూ ఉండి, అదను దొరికిన ఏడు ఒక్కసారిగా పైకి లేస్తుంది. గుప్పెడెత్తు మొక్క కదా అని తవ్వితే, వేరును చూసి ఆశ్చర్యపోతాం.

గరువుతోట:
అందరికీ ధన్యవాదాలండి. మా కోకోలో సగం చెట్ల మొదళ్లకు ఒక మీటరులోపే ఉన్నాయని ఇప్పుడు కొలిచి చూశాను. వచ్చే ఏడు కోకోను బోరు నీరు అందే రెండు వరుసలకే ఉంచి, మిగిలినచోట దూరం వదిలి కంద, పసుపు వేయిస్తాను. చాగను కలుపని పీకించడం మాత్రం ఈ రోజే ఆపించాను.