పాత డిఫెండర్ కూలింగ్ సిస్టమ్‌లో గాలి పోవట్లేదు, ఏం చేయాలి?

బండి 1996 ల్యాండ్ రోవర్ డిఫెండర్, 300 టీడీఐ డీజిల్ ఇంజిన్. ఉబ్బిపోయిన పై రేడియేటర్ హోస్ మార్చి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి నింపాను. అప్పటి నుంచి డాష్‌బోర్డు వెనకాల గలగలమని నీళ్లు పారుతున్న శబ్దం. ఐడిల్‌లో హీటర్ చల్లగాలి ఇస్తుంది, యాక్సిలరేటర్ తొక్కితే కాసేపు వేడిగా వచ్చి మళ్లీ చల్లబడుతుంది. గాలి ఇరుక్కుందనే అనుకుంటున్నా.

నింపిన పద్ధతి చెప్తాను, తేడా ఉంటే చెప్పండి. ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక రేడియేటర్ పైన ప్లగ్, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వ్) హౌసింగ్ మీద ప్లగ్ రెండూ తీసి, ముందు ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ (వేడికి పెరిగిన కూలెంట్ చేరే డబ్బా)లోంచి పోస్తూ రేడియేటర్ నిండగానే ఆ ప్లగ్ బిగించి, మిగతాది థర్మోస్టాట్ హౌసింగ్‌లోంచి అంచు దాకా పోసి దాన్నీ మూసేశాను. హీటర్ మొత్తం వేడి వైపే తిప్పి ఉంచాను. హోసులు చేత్తో పిసికితే బుడగలు బాగానే వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి.

బండి ముందు భాగం ఎత్తులో పెట్టి నింపితే హీటర్ వైపు గాలి బయటికొస్తుందా, లేక హీటర్ హోస్ ఒకటి ఊడదీసి అందులోంచి పోయడం మేలా?

అసలు టెన్షన్ హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ పైన హెడ్‌కీ మధ్య ఉండే సీల్) గురించి, అది పోయినా కూలెంట్‌లోకి గ్యాస్ చేరుతుంది కదా. ట్యాంక్‌లో ఆయిల్ తెట్టు లేదు, చల్లారాక హోసులు మెత్తగానే ఉంటున్నాయి, టెంపరేచర్ ముల్లు కూడా మామూలుగానే ఉంది, కానీ గాలి ఇరుక్కున్నప్పుడు ఆ ముల్లును నమ్మడానికి లేదు కదా. లీక్ టెస్ట్ ఇప్పుడే చేయించాలా, ముందు గాలి సంగతి తేల్చుకోవాలా? ఈ ఇంజిన్ మీద పని చేసినవాళ్లు కాస్త చెప్పండి, అప్పటిదాకా బండి బయటికి తీయను.